వైరస్‌కి ఉత్తుత్తి తలుపు: డికాయ్ రిసెప్టర్‌ని కాగితం మీద డిజైన్ చేయడం ఎలా

ముందే చెప్పేస్తా, ఇది ల్యాబ్‌లో పైపెట్ పట్టుకుని చేసే ప్రోటోకాల్ కాదు. సెమినార్‌కో ప్రాజెక్ట్ ప్రపోజల్‌కో "వైరస్‌ని పట్టేసే డికాయ్ రిసెప్టర్" అని టాపిక్ తీసుకున్నారు అనుకోండి, కాగితం మీద ఒక డికాయ్‌ని నిలబెట్టాలంటే ఏది ముందు ఆలోచించాలి, ఏది తర్వాత, ఎక్కడ బోల్తా పడతాం, అదీ ఇక్కడ రాస్తున్నది. ఎందుకంటే నేను చూసిన ప్రెజెంటేషన్లలో సగం ఒకే బొమ్మ దగ్గర ఆగిపోతాయి, వైరస్ వచ్చింది, దొంగ రిసెప్టర్‌కి అతుక్కుంది, థాంక్యూ. అతుక్కోవడం ఈ మొత్తంలో తేలికైన పని అండీ. అతుక్కున్నాక ఏమవుతుంది, ఎంతసేపు ఉంటుంది, ఒంట్లో ఆ ప్రోటీన్ ఇంకేం పనులు చేస్తుంది, అక్కడే చాలా డికాయ్‌లు ఫెయిల్ అయ్యాయి.

ఐడియా ఒక్క ముక్కలో. వైరస్ మన కణంలోకి దూరాలంటే కణం పైన ఉన్న ఏదో ఒక ప్రోటీన్‌నో చక్కెరనో పట్టుకోవాలి, దాన్నే రిసెప్టర్ అంటాం. ఆ రిసెప్టర్‌లో బయటికి కనిపించే ముక్కని మాత్రం కోసి, వెనక కణం లేకుండా విడిగా వదిలితే, వైరస్ అదే తలుపు అనుకుని పట్టుకుంటుంది, కానీ తలుపు వెనక ఇల్లు లేదు. మయసభలో దుర్యోధనుడి పరిస్థితి.

డికాయ్ ఏది, ఏది కాదు

ఇది ముందు తేల్చుకోకపోతే ప్రశ్నల టైమ్‌లో దొరికిపోతారు. డికాయ్ వెళ్లి వైరస్ మీద కూర్చుంటుంది. మన కణం మీద ఉన్న అసలు రిసెప్టర్‌ని మూసేసే మందులు వేరే జాతి. ఉదాహరణకి హెచ్ఐవీకి వాడే మరావిరాక్ సీసీఆర్5 అనే మన ప్రోటీన్‌ని బ్లాక్ చేస్తుంది, హెపటైటిస్ డీకి యూరప్‌లో 2020లో అనుమతి వచ్చిన బులెవిర్టైడ్ ఎన్‌టీసీపీ అనే లివర్ రిసెప్టర్‌ని మూస్తుంది, ఆ రెండూ డికాయ్‌లు కావు, నిజానికి బులెవిర్టైడ్ అయితే పూర్తిగా రివర్స్, వైరస్ ప్రోటీన్ ముక్కనే కాపీ కొట్టి మన తలుపుకి అడ్డం పెట్టారు. యాంటీబాడీ కూడా వైరస్ మీదే కూర్చుంటుంది కానీ అది రిసెప్టర్ కాపీ కాదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చివర్లో వైరస్ తప్పించుకోవడం గురించి మాట్లాడేటప్పుడు తెలుస్తుంది.

డికాయ్ అనేది మనం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, శరీరంలో ఎప్పట్నుంచో ఉంది. ఇంటర్‌ల్యూకిన్-1 అనే సిగ్నల్‌ని పట్టుకుని ఊరికే కూర్చునే రెండో రకం రిసెప్టర్ ఒకటుంది, 1993లో దాన్ని డికాయ్ అని గుర్తించారు. ముక్కులో చీమిడి కూడా ఒక రకంగా డికాయే, అందులో ఉండే మ్యూసిన్‌ల నిండా సియాలిక్ యాసిడ్ అనే చక్కెర ఉంటుంది, ఫ్లూ వైరస్ వెతికేది దాన్నే, వచ్చి అందులో ఇరుక్కుంటుంది. అందుకే ఫ్లూ వైరస్ న్యూరామినిడేజ్ అనే కత్తెర వెంట పెట్టుకుని తిరుగుతుంది, ఇరుక్కున్న చోట కోసుకుని బయటపడ్డానికి. ఇంకా తమాషా ఏంటంటే పాక్స్ వైరస్‌లు మన ఇంటర్‌ఫెరాన్, టీఎన్ఎఫ్ అనే రోగనిరోధక సిగ్నళ్ల రిసెప్టర్లకి డూప్లికేట్లు తయారుచేసి మన ఇమ్యూనిటీనే బురిడీ కొట్టిస్తాయి. మనం చేస్తున్నది వాటి ట్రిక్ వాటికే తిప్పికొట్టడం.

మందుల ప్రపంచంలో కూడా ఇది పాతదే. ఎటానర్‌సెప్ట్ అని కీళ్లవాతానికి 1998 నుంచి వాడుతున్న మందు టీఎన్ఎఫ్ రిసెప్టర్ ముక్క, కంటి జబ్బుకి 2011లో వచ్చిన అఫ్లిబర్‌సెప్ట్ కూడా ఇలాంటి ట్రాపే. అంటే పద్ధతి పని చేస్తుంది, ఒప్పుకుందాం. వైరస్ దగ్గరికి వచ్చేసరికే కష్టం.

మొదటి పని: కోయడానికి వీలున్న రిసెప్టర్ దొరుకుతుందా

చాలామంది ముందు వైరస్‌ని ఎంచుకుంటారు. తప్పు కాదు కానీ ఎంచుకున్న వెంటనే చూడాల్సింది ఆ రిసెప్టర్ ఆకారం. ఏస్2 (కోవిడ్ వైరస్ రిసెప్టర్), సీడీ4 (హెచ్ఐవీది), ఐకామ్-1 (జలుబు వైరస్‌లది) లాంటివి కణం పొరలోంచి ఒక్కసారే దాటి, బయట పెద్ద ముక్క నిలబెట్టి ఉంటాయి, చెట్టు కొమ్మలాగ కోసేయొచ్చు. సీసీఆర్5 అలా కాదు, పొరలో ఏడుసార్లు అటూ ఇటూ కుట్టినట్టు ఉంటుంది, పొరలోంచి లాగితే ఆకారమే చెదిరిపోతుంది. ఎన్‌టీసీపీ కూడా అంతే. ఇలాంటివి ఎంచుకుంటే "బయటి ముక్క కోస్తాం" అనే స్లైడ్ పెట్టకండి, కోయడానికి అక్కడ ముక్క లేదు. అప్పుడు వేరే దారి, కణం పొరనే మొత్తంగా ఒలిచి నానో కణాల మీద తొడిగేయడం, 2020లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లియాంగ్‌ఫాంగ్ జాంగ్ టీమ్ ఊపిరితిత్తుల కణాల పొరలతో, మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాల పొరలతో ఇలా నానోస్పంజ్‌లు చేసి కోవిడ్ వైరస్ మీద ల్యాబ్‌లో చూపించారు. అక్కడ లాభం ఏంటంటే ఏ రిసెప్టరో పూర్తిగా తెలియకపోయినా పర్లేదు, పొరలో అన్నీ ఉంటాయి కాబట్టి.

రిసెప్టర్ చక్కెర అయితే ఇంకో తలనొప్పి. ఒక్కో సియాలిక్ యాసిడ్ పట్టు చాలా వీక్, వైరస్ వందల చోట్ల ఒకేసారి పట్టుకోవడం వల్ల గట్టిపడుతుంది. కాబట్టి విడి చక్కెర వేస్తే లాభం లేదు, ఒకే దారం మీద చాలా పూసలు గుచ్చినట్టు ఉండాలి. సల్ఫేట్ ఉన్న పాలిమర్లని హెచ్ఐవీ రాకుండా జెల్స్‌గా ట్రై చేశారు, ల్యాబ్‌లో బ్రహ్మాండం, మనుషుల్లో సెల్యులోజ్ సల్ఫేట్ జెల్ ట్రయల్‌ని 2007లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఏదైనా అతుక్కుంటుంది అన్నంత మాత్రాన కాపాడుతుంది అని రాసేయకండి, అందుకే చెప్తున్నా.

ఇక్కడే నాకు బాగా నచ్చిన ఒక ట్రిక్. మనిషి రిసెప్టర్‌తోనే మొదలుపెట్టాలని రూల్ లేదు. దక్షిణ అమెరికాలో హెమరేజిక్ ఫీవర్లు తెచ్చే అరీనా వైరస్‌లు టీఎఫ్ఆర్1 అనే ఇనుము మోసే రిసెప్టర్‌ని పట్టుకుంటాయి. ఆ వైరస్‌లు తరతరాలుగా బతికేది ఎలకజాతి జంతువుల్లో కాబట్టి వాటి రిసెప్టర్‌కే ఇవి ఎక్కువ అలవాటు పడి ఉంటాయి. వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రాన్ డిస్కిన్ ల్యాబ్ వాళ్లు 2020లో అలాంటి ఒక ఎలక టీఎఫ్ఆర్1 ముక్క తీసుకుని అరీనాసెప్ట్ అనే డికాయ్ చేశారు. వైరస్‌ని ఎక్కడ పెరిగిందో అక్కడి తలుపుతోనే పడగొట్టడం. మీ వైరస్ ఏ జంతువు నుంచి వచ్చిందో తెలిస్తే ఈ లైన్ ఒకసారి చూడండి.

ఎక్కడ కోయాలి, కోసినదాని రెండో ఉద్యోగం ఏంటి

ఇక్కడ్నుంచి ఏస్2నే ఉదాహరణగా పట్టుకుంటా, డేటా ఎక్కువ ఉంది కాబట్టి. 2003లో మొదటి సార్స్ వైరస్‌కి ఇది రిసెప్టర్ అని తేలింది, తర్వాత కోవిడ్ వైరస్‌కీ ఇదే. మొత్తం 805 అమైనో ఆమ్లాలు. మొదటి 17 సిగ్నల్ ముక్క, అది ఎలాగూ తెగిపోతుంది. 615 దాకా తీసుకుంటే ఎంజైమ్ భాగం, స్పైక్ (వైరస్ పైన ముల్లులా పొడుచుకుని ఉండే ప్రోటీన్) పట్టుకునేది ఇక్కడే. 740 దాకా తీసుకుంటే రెండేసి జంటగా కలుస్తాయి. జంట మంచిది, ఎందుకంటే స్పైక్‌లో మూడు తలలు ఉంటాయి, ఒక చెయ్యి జారినా ఇంకో చెయ్యి పట్టుకుని ఉంటుంది, మళ్లీ మొదటి చెయ్యి దొరకబుచ్చుకుంటుంది. కాబట్టి చిన్నదిగా ఉంటే బాగుంటుంది కదా అని 615 దగ్గర కోస్తే, జంట చేయడానికి ఇంకేదో ఏర్పాటు మీరే చెయ్యాలి. ఈ ప్రోటీన్ మీద చక్కెర గొలుసులు ఉంటాయి కాబట్టి బ్యాక్టీరియాలో తయారుచేస్తాం అని రాయొద్దు, హెచ్ఈకే లేదా సీహెచ్‌ఓ లాంటి క్షీరద కణాల్లోనే చెయ్యాలి.

ఇప్పుడు రెండో ఉద్యోగం. ఏ రిసెప్టరూ వైరస్ కోసం పుట్టలేదు కదా. ఏస్2 అసలు పని యాంజియోటెన్సిన్-2ని కోసి యాంజియోటెన్సిన్ 1-7గా మార్చడం, అంటే బీపీ వ్యవహారం. డోసు ఎక్కువ ఇస్తే ఈ పని కూడా ఎక్కువవుతుంది. దీని మీద రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం అది మంచిదే, ఊపిరితిత్తుల డ్యామేజ్ తగ్గుతుంది, ఉంచండి అంటుంది. ఇంకో వర్గం 374, 378 స్థానాల్లో జింక్‌ని పట్టుకునే హిస్టిడిన్‌లని మార్చేసి ఎంజైమ్‌ని చంపేస్తుంది, స్పైక్ పట్టు మాత్రం అలాగే ఉంటుంది. నన్నడిగితే, రాకుండా కాపాడే మందు అయితే చంపేయడమే బెటర్, ఆరోగ్యంగా ఉన్న మనిషికి బీపీ మీద పనిచేసేది రోజూ ఎందుకు ఇవ్వాలి. జబ్బు ముదిరినవాళ్లకైతే వాదనకి చోటుంది.

వేరే రిసెప్టర్లకీ ఇదే లెక్క. సీడీ4 ఎంహెచ్‌సీ క్లాస్-2 అనే ఇమ్యూనిటీ ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, ఐకామ్-1 తెల్లకణాల మీద ఎల్ఎఫ్ఏ-1 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. అరీనాసెప్ట్ వాళ్లు టీఎఫ్ఆర్1లో పై కొసన ఉన్న డొమైన్ మాత్రమే తీసుకున్నారు, ఇనుము మోసే ట్రాన్స్‌ఫెరిన్ అంటుకునేది వేరే చోట, అంటే రెండో ఉద్యోగాన్ని కోత దగ్గరే వదిలించుకున్నారు. క్లీన్ పని.

లెక్క వేయండి, సిగ్గుపడకండి

ఈ భాగం అందరూ దాటేస్తారు, కానీ నాలుగు లైన్ల లెక్క మీ ప్రపోజల్‌ని నిలబెడుతుంది. కేడీ అంటే డికాయ్ ఏ గాఢత దగ్గర వైరస్ మీద సగం సీట్లు నిండుతాయో ఆ నంబర్. గాఢత కేడీకి పది రెట్లు ఉంటే దాదాపు 91 శాతం నిండుతాయి. ఏస్2కి, మొదటి కోవిడ్ స్పైక్‌కి మధ్య కొలిచిన కేడీ సుమారు 15 నానోమోలార్. డికాయ్ బరువు ఉజ్జాయింపుగా లక్ష డాల్టన్లు అనుకుందాం, అప్పుడు 15 నానోమోలార్ అంటే మిల్లీలీటర్‌కి 1.5 మైక్రోగ్రాములు. పది రెట్లు అంటే 15. రక్తంలో ప్లాస్మా 3 లీటర్లు అనుకుంటే 45 మిల్లీగ్రాములు. చూడ్డానికి ఏముంది ఇంతే కదా అనిపిస్తుంది.

ఆగండి. సాల్యుబుల్ ఏస్2కి (కణం పొర లేకుండా విడిగా కరిగి ఉండే ముక్క) మనుషుల్లో హాఫ్ లైఫ్, అంటే సగానికి తగ్గే టైమ్, దాదాపు 10 గంటలు. 50 గంటలకి ఐదుసార్లు సగమై 45 కాస్తా ఒకటిన్నర మిల్లీగ్రాము లోపుకి దిగిపోతుంది. పైగా ఇచ్చింది రక్తంలో, వైరస్ ఉన్నది ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల లోపలి తడి పొర మీద, అక్కడికి చేరేది కొంచెమే. ఇంకా పక్కనే కణాల మీద అసలు ఏస్2లు ఉన్నాయి, అవి కూడా పోటీకి వస్తాయి. అందుకే రెండు మరమ్మతులు తప్పవు, పట్టు పెంచడం, ఉండే టైమ్ పెంచడం.

టైమ్ పెంచడానికి అందరూ చేసేది యాంటీబాడీ తోక, అంటే ఎఫ్‌సీ, అతికించడం. ఆ తోకని ఎఫ్‌సీఆర్ఎన్ అనే రిసెప్టర్ గుర్తుపట్టి చెత్తబుట్టలోంచి తీసి మళ్లీ రక్తంలోకి వదులుతుంది, అసలు ఐజీజీ యాంటీబాడీలు మూడు వారాల హాఫ్ లైఫ్‌తో ఉండేది దీనివల్లే. డికాయ్‌కి ఆ మూడు వారాలూ వస్తాయని రాయకండి, రిసెప్టర్ ముక్క దాని చక్కెరల వల్లో ఇంకోదాని వల్లో తొందరగా పోతుంది, కానీ విడి ముక్క కంటే మెరుగే. ఎఫ్‌సీ రెండేసి జంటగానే వస్తుంది కాబట్టి ఇందాకటి జంట సమస్య కూడా తీరిపోతుంది, ఒక దెబ్బకి రెండు పిట్టలు.

పట్టు పెంచడానికి మంచి ఉదాహరణ ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఎరిక్ ప్రాకో చేసిన పని, 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. స్పైక్‌ని తాకే చోటా దాని చుట్టుపక్కలా ఉన్న 117 స్థానాల్లో ఒక్కోదాన్ని మిగతా అన్ని అమైనో ఆమ్లాలకీ మార్చి చూశారు, అంటే రెండు వేల పైచిలుకు రకాలు, ఏ రకం ఉన్న కణాలు స్పైక్‌ని గట్టిగా పట్టుకున్నాయో వేరుచేసి సీక్వెన్స్ చేశారు. చివరికి 27, 79, 330 స్థానాల్లో మూడే మార్పులు ఉన్న వెర్షన్‌ని ఎంచుకున్నారు. మూడే. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

సీడీ4 నేర్పిన పాఠం

ఎవరైనా డికాయ్ గురించి మరీ ఉత్సాహంగా మాట్లాడుతుంటే నాకు గుర్తొచ్చేది ఇదే. హెచ్ఐవీ రిసెప్టర్ సీడీ4 అని 1984లో తేలింది, 1987, 88ల్లో సాల్యుబుల్ సీడీ4 ల్యాబ్‌లో వైరస్‌ని ఆపేస్తుందని వరసగా పేపర్లు వచ్చాయి. లాజిక్ కూడా గట్టిగా ఉంది, ప్రతి హెచ్ఐవీకీ సీడీ4 కావాలి, ఇంక తప్పించుకునేదెక్కడ. రెండేళ్లు తిరక్కుండానే మనుషుల్లో ట్రై చేశారు, 1990 ప్రాంతంలో వచ్చిన ఫలితాల్లో వైరస్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు.

ఎందుకు? ఒకటి, ఒంట్లో హాఫ్ లైఫ్ గంట కూడా దాటడం కష్టం. అది సరిచేసుకోవచ్చు. రెండోది అసలు దెబ్బ. ల్యాబ్‌లో వాడిన వైరస్‌లు ఏళ్లతరబడి సెల్ లైన్లలో పెరిగినవి, పేషెంట్ల నుంచి నేరుగా తీసిన వైరస్‌ని ఆపడానికి 200 నుంచి 2,700 రెట్లు ఎక్కువ సీడీ4 కావాల్సి వచ్చింది. అంటే టెస్ట్ చేసింది పెంపుడు పిల్లి మీద, అడవిలో ఉన్నది పులి. మూడోది ఇంకా చిత్రం, సీడీ4 అతుక్కోగానే వైరస్ స్పైక్ ఆకారం మారి, తర్వాత పట్టుకోవాల్సిన సీసీఆర్5 కోసం చెయ్యి బయటపెడుతుంది. కాబట్టి డికాయ్ సరిపడా లేకపోతే వైరస్‌ని ఆపడం మానేసి సగం దారి మనమే దాటించినట్టు అవుతుంది, తక్కువ డోసుల్లో కొన్ని వైరస్‌లకి ఇన్‌ఫెక్షన్ పెరగడం నిజంగానే చూశారు.

దీనికి తెలివైన జవాబు పాతికేళ్ల తర్వాత వచ్చింది. 2015లో స్క్రిప్స్‌లో మైకేల్ ఫర్జాన్ టీమ్ సీడీ4 ముక్కకి ఎఫ్‌సీ తోక, ఆ తోక చివర సీసీఆర్5 మొదటి భాగాన్ని పోలిన చిన్న పెప్టైడ్ కలిపారు. సీడీ4 పట్టుకోగానే వైరస్ రెండో చెయ్యి చాపుతుంది కదా, ఆ చేతిలో కూడా ఉత్తుత్తి సీసీఆర్5 పెట్టేశారు. దాని జీన్‌ని ఏఏవీ వెక్టర్‌తో (జీన్‌ని మోసుకెళ్లే, జబ్బు తేని వైరస్) కోతులకి ఎక్కించి, 34 వారాల వరకు పదేపదే వైరస్ ఇచ్చినా అవి తట్టుకున్నాయి. మీ వైరస్ రెండు మెట్లలో లోపలికి వెళ్లేదైతే మొదటి మెట్టుకి మాత్రమే డికాయ్ పెట్టి ఊరుకోకండి.

మీ ప్రపోజల్‌లో ఈ కథ ఎలా వాడాలంటే, టెస్టింగ్ ప్లాన్‌లో మూడు లైన్లు కచ్చితంగా ఉండాలి: పేషెంట్ నుంచి తీసిన వైరస్ మీద చూస్తాం అని, చాలా తక్కువ డోసుల్లో కూడా చూసి ఇన్‌ఫెక్షన్ పెరగట్లేదని నిర్ధారిస్తాం అని, వేరే రిసెప్టర్ వాడే వైరస్‌ని ఇది ఆపకూడదని కంట్రోల్ పెడతాం అని. మూడోది వీఎస్‌వీ అనే వేరే వైరస్ స్పైక్ తొడిగిన సూడోవైరస్‌తో (పెరగలేని ఉత్తుత్తి వైరస్) తేలిగ్గా అయిపోతుంది. అది కూడా ఆగిపోతే మీ డికాయ్ వైరస్‌ని పట్టట్లేదు, కణాల్ని చంపేస్తోంది, ఇది ఎంతమంది మర్చిపోతారో.

ఎప్పుడు ఇస్తారు, ఎక్కడ ఇస్తారు

జలుబు తెచ్చే రైనోవైరస్‌లలో ఎక్కువభాగం ఐకామ్-1ని పట్టుకుంటాయి, 1989లో తేలింది. దాని సాల్యుబుల్ వెర్షన్ ట్రెమకామ్రాని ముక్కులో స్ప్రేగా వాలంటీర్లకిచ్చి చూశారు, ఫలితాలు 1999లో వచ్చాయి. జలుబు లక్షణాలు బాగానే తగ్గాయి. కానీ రోజుకి ఆరుసార్లు, ఏడు రోజులు కొట్టుకోవాలి, ఇన్‌ఫెక్షన్ సోకడం అయితే పెద్దగా ఆగలేదు. ముక్కు పొర ఎప్పుడూ కదిలే కన్వేయర్ బెల్ట్, వేసినదాన్ని వేసినట్టు గొంతులోకి తోసేస్తుంది. రోజుకి ఆరుసార్లు జలుబు మందు కొట్టుకునే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి, అది మార్కెట్‌కి రాలేదు.

కోవిడ్‌లో ఇంకో వైపు నుంచి ఇదే జరిగింది. వియన్నాలో జోసెఫ్ పెనింగర్ పరిశోధన నుంచి వచ్చిన ఏపీఎన్01, అంటే సాల్యుబుల్ ఏస్2, 2020లో ఆర్గనాయిడ్లలో (ల్యాబ్‌లో పెంచిన బుల్లి అవయవాల్లాంటివి) వైరస్‌ని ఆపింది, తర్వాత హాస్పిటల్‌లో చేరినవాళ్లకి సెలైన్ దారిలో ఇచ్చి ట్రయల్ చేశారు, ప్రధాన లక్ష్యం చేరలేదు. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు, హాస్పిటల్‌కి వచ్చేసరికి వైరస్ పెరగాల్సిందంతా పెరిగిపోయి ఉంటుంది, అప్పుడు బయట ఉత్తుత్తి తలుపులు పెడితే దొంగలు ఆల్రెడీ లోపలున్నారు. డికాయ్ అనేది ముందుజాగ్రత్తకో, సోకిన మొదటి ఒకటి రెండు రోజులకో పనికొచ్చే వస్తువు. మీ స్లైడ్‌లో "ఎవరికి, ఎప్పుడు, ఏ దారిలో" అనేది ఒకే వాక్యంలో రాయలేకపోతే డిజైన్ ఇంకా పూర్తవలేదని అర్థం. పీల్చే మందుగానా, నాసల్ స్ప్రేగానా, లేక ఏఏవీతో ముక్కు కణాల చేతే తయారుచేయిస్తారా, ఏదో ఒకటి తేల్చండి.

"యాంటీబాడీ ఉండగా ఇదెందుకు?"

ఈ ప్రశ్న గ్యారంటీగా వస్తుంది, రెడీగా ఉండండి. యాంటీబాడీ స్పైక్‌లో తనకి నచ్చిన చోట పట్టుకుంటుంది, వైరస్ ఆ చోట ఒక అక్షరం మార్చుకుంటే చాలు. కోవిడ్‌లో బామ్‌లానివిమాబ్ అనే యాంటీబాడీ మందుకి ఒంటరిగా వాడే అనుమతిని 2021 ఏప్రిల్‌లోనే అమెరికాలో వెనక్కి తీసుకున్నారు, బెబ్‌టెలోవిమాబ్ కూడా 2022 నవంబర్‌కి అదే దారి పట్టింది, వేరియంట్ మారిన ప్రతిసారీ అదే కథ. డికాయ్ పట్టు నుంచి తప్పించుకోవాలంటే మాత్రం వైరస్ అసలు రిసెప్టర్‌నే వదులుకోవాలి, వదులుకుంటే లోపలికెలా వెళ్తుంది. ఒమిక్రాన్ అన్ని మ్యుటేషన్లతో వచ్చినా ఏస్2 డికాయ్‌లు ల్యాబ్‌లో దాన్ని పట్టగలిగింది అందుకే.

కానీ ఇక్కడ గొప్పలకి పోకండి, ఇందాక మూడే మార్పులు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పట్టు పెంచుదామని మీరు డికాయ్‌ని ఎంత మారిస్తే అది అసలు రిసెప్టర్‌కి అంత దూరమవుతుంది, అప్పుడు అసలుదాన్ని పట్టుకుని నకిలీని వదిలేసే మ్యుటేషన్‌కి చోటు దొరుకుతుంది. మార్పులు పెరిగితే ఇంకో ప్రమాదం, శరీరం దాన్ని పరాయి ప్రోటీన్ అనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది, అవి డికాయ్‌తో ఆగకుండా మన సొంత ఏస్2 మీద కూడా పడితే అది వైరస్ కంటే పెద్ద గొడవ. ఎలక రిసెప్టర్ వాడితే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడుగుతారు. జవాబు ఒకటే, ఎన్ని రోజులు ఇస్తారో చెప్పండి. నాలుగు రోజుల స్ప్రేకి, ఏఏవీతో ఏళ్లతరబడి ఒంట్లో ఉండే డికాయ్‌కి రిస్క్ ఒకటి కాదు. స్ప్రే అయితే ఆపేస్తే పోతుంది. ఏఏవీని ఆపే బటన్ లేదు, దాన్ని ఎంచుకున్నవాళ్లు జంతువుల్లో నెలలతరబడి యాంటీ-డ్రగ్ యాంటీబాడీలు (మందు మీదే శరీరం తయారుచేసేవి) కొలుస్తాం అని టైమ్‌లైన్‌లో ఆ నెలలు చూపించి మరీ రాయాలి.